అడుగు తడి ఆరకముందే

బస్సు కొండ మలుపులో మొరాయించింది. కూర్చుని తిట్టుకోవడంకన్నా నడుస్తూ తిట్టుకోవడం నయమని దిగాను. నాకంటే ముందే దిగిన ఒకావిడ, రోడ్డు పక్క గడ్డిపోచలు తుంచి చెవి దగ్గర విరుస్తోంది.

"ఏమంటోందమ్మా గడ్డి?"

"ముసలాళ్లకి ఆరాలెక్కువ అంటోంది."

నవ్వి పక్కనే నడిచాను. కొండమీది జనం ఆమెని నిప్పులక్క అంటారట. తాతల నాటినుంచీ వాళ్లు ఆ కొండనీ, దాని ఊటనీ కాపాడుతున్నది నిప్పుతోనే. చలి వెనకబట్టే రోజుల్లో, గడ్డి పైన ఎండి అడుగున తడి ఉండగానే, సాయంత్రంపూట ముక్కలు ముక్కలుగా అంటిస్తారు. ఎంత ఎండిందో పోచ విరిచి చప్పుడు వింటే తెలుస్తుందట. మంట మోకాలు దాటదు. రాత్రి మంచే ఆర్పేస్తుంది. ముళ్లకంప ఊటని కమ్మదు, ఎండల్లో కార్చిచ్చుకి మేత దొరకదు. ఒకప్పుడు ఇది అనాగరికమని రాసిన పుస్తకాలు నేనే బోలెడు చదివాను. ఇప్పుడదే పద్ధతిని గొప్ప విద్య అంటూ కొత్త అట్టలేసి అమ్ముతున్నారు. పుస్తకాల సిగ్గు గురించి మొదలెడితే ఈ కథ తెమలదు.

ఎండలు ఏటికేడు ముందుకొస్తున్నాయి. అటవీ ఆఫీసు మాత్రం అనుమతి తేదీని పాత చోటే మేకు కొట్టి ఉంచింది. అప్పటిదాకా ఆగితే అడుగు తడి కూడా ఆరిపోతుందని ఆమె తమ్ముడు ముందే అంటించాడు. సగంలో ఉండగా పట్టుకుపోయారు. ఊటవైపు గడ్డి అలాగే మిగిలింది.

"విడిపించడానికేనా వెళ్తున్నావు?"

"ఉపన్యాసానికి పెద్దయ్యా! 'పూర్వీకుల అగ్నివిద్య' అని ఆ అటవీ ఆఫీసులోనే సభట. వాడు కింది గదిలో, నేను పైగదిలో. ఒకే పనికి వాడికి తాళం, నాకు పూలగుత్తి."

నా ఒళ్లు మండింది. నేనూ వెంట వెళ్లాను.

ఆఫీసు వరండాలో కటకటాల వెనక తమ్ముడు కనిపించాడు. "అక్కా, ఊటవైపు..." అనేలోపే కాపలావాడు కసిరాడు.

పైన ఏసీ, బిస్కెట్లు, గోడ నిండా మంటల బొమ్మలు. పెద్దాఫీసరు వంగి పూలగుత్తి ఇచ్చాడు.

"మా తమ్ముణ్ణి వదలండి సారూ. ఇవాళే అంటించాలి, రేపటికి ఆరిపోతుంది."

"ముందు ఫోటో తీయించుకుందాం అమ్మగారూ. అయినా చట్టం తన పని తాను చేసుకుపోతుంది."

"గడ్డి కూడా అంతే సారూ," అంది మైకులోనే.

అందరూ చప్పట్లు కొట్టారు! ఉపన్యాసం అనుకున్నారు సన్నాసులు. ఒక్కడైనా కిందికెళ్లి తాళం తీస్తాడేమోనని చూశాను. బిస్కెట్ల పళ్లెం మాత్రం కదిలింది.

ఆమె పూలగుత్తిని కుర్చీలో కూర్చోబెట్టి దిగొచ్చేసింది. గేటు దగ్గర గడ్డిపోచ తుంచి విరిచింది. ఈసారి నాకూ వినిపించింది, పుటుక్కున.

"అగ్గిపెట్టె ఉందా?"

"ఉంది. కానీ అంటిస్తే నిన్నూ ఆ గదిలోనే పెడతారమ్మా."

"వాడికి తోడుంటాను."

నా చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని, చెవి దగ్గర ఆడించి చూసుకుని, కొండదారి పట్టింది. వెనక్కి తిరగలేదు.