నాకు ముసలోని వేషమిచ్చిన కండక్టర్ మామ

మా కండక్టర్ మామ పోయిండు. పొద్దున తొమ్మిదింటికి అత్త ఫోన్ చేసి, “అల్లుడా, మామ లేడు. మీ నాటకపోళ్లకు నువ్వే చెప్పు” అన్నది. నేను నా చికెన్ సెంటర్ షట్టర్ సగం దించి, మా నాటకం కంపెనీల ఉన్నోళ్లకు ఒక్కొక్కళ్లకు ఫోన్ చేసిన. ఒక్కరు నమ్మలే. ఒకడైతే నవ్విండు. బీడీలు చేసే అక్క “నీ నోట్ల మన్నువడ, గిసొంటియి గూడ పరాచికాలా” అని ఫోన్ పెట్టేసింది. తప్పు వాళ్లది కాదు. ఇన్నేండ్ల సంది నేను చెప్పిన మాటలల్ల నిజాలు ఏరితే ఒక దోసిలి నిండది. ఆఖరికి దవాఖానకు పోయి, అత్త చేతికి ఫోన్ ఇచ్చి చెప్పియ్యవలసొచ్చింది. మొగడు పోయిన మనిషి, నా మాటకు సాక్ష్యం చెప్పింది. గా సిగ్గు నాకు ఇంక పోలే. అందుకే గిది రాస్తున్న.

మామ అంటే చుట్టం కాదు. సిద్దిపేట నుంచి హుస్నాబాద్ పోయే బస్సుల కండక్టరు. నౌకరి బస్సుల, పానం నాటకంల. నాటకం కంపెనీ అంటే మీరు పెద్దగ ఊహించుకోకున్రి. ఒక రేకు పెట్టె, రెండు పాత దుప్పట్లు, కొట్లాడుకునే ఏడెనిమిది మందిమి. పిలిచిన ఊరికి పోయి ఆడుడు, పెట్టింది తినుడు, దొరికిన బస్సుకు వచ్చుడు.

నేను కంపెనీల చేరింది గూడ ఒక దొంగతనంతోనే. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి, రెండుసార్లూ ఫేలయి, ఇడిసిపెట్టి తిరిగే రోజులు. మామ బస్సుల టికెట్ ఎగ్గొట్టేటందుకు చెవిటి మూగోని వేషం ఏసిన. చేతులు ఊపిన, నోరు తెరిచి చూపెట్టిన. పక్క సీటు ముసలామె అయ్యో బిడ్డా అని జామపండు గూడ ఇచ్చింది. నేను దిగంగ మామ నా చెవుల చెప్పిండు: “మూగోని వేషం మంచిగున్నది. చెవిటోనిదే బాగలేదు. నేను చిల్లర కింద పడేస్తే మెడ తిప్పినవ్. ఆదివారం ఫంక్షన్ హాలుకు రా, నేర్పుత.”

ఫంక్షన్ హాలు ఎందుకంటే మాకు జాగ లేదు. మామ బస్సుల రోజూ వచ్చిపోయే హాలు ఓనరు ఒకాయన, పెండ్లిళ్లు లేని దినాలు ఊకెనే వాడుకోమన్నడు. ఇగ మా రిహార్సల్ పంచాంగం చూసి నడిచేది. మూఢం వచ్చిందంటే ఊరోళ్లకు దిగులు, మాకు పండుగ. ముహూర్తాలు మస్తుగున్నయని అయ్యగారు చెప్పిన ఏడాది బీడీల అక్క ఆయన్ను తిట్టని తిట్టు లేదు. ఒకసారి మేం మూఢం ఒడిసిన సంగతి చూసుకోలే. అక్క శవం ముందట కూసోని శోకం పెట్టే సీను నడుస్తుంది. శవం నేనే. గప్పుడే పెండ్లిపిల్ల తరఫోళ్లు హాలు చూసుకుందామని పసుపు కుంకుమలతోని వచ్చిన్రు. శవాన్ని చూసి గేటు కాడికెళ్లే ఎనుకకు మర్రిపోయిన్రు. శవం లేచి వాళ్లెంబడి ఉరికి “నేను బతికే ఉన్న” అంటే ఇంకింత భయపడ్డరు. ఓనరు మమ్మల్ని ఎల్లగొట్టెటోడే. మామ గా పెండ్లోళ్ల ఇంటికి పోయి ఏం చెప్పుకున్నడో, ఎట్ల బతిమాలుకున్నడో తెల్వది. పెండ్లి గాడనే అయింది. మా అందరితోని వడ్డన చేయించిండు. పెండ్లిపిల్ల తండ్రి నా చేతి పప్పు తినుకుంట మాటిమాటికి నా మొఖం చూసిండు.

తర్వాత హాలుకు ఏసీలు పెట్టిన్రు. మూఢంల గూడ బర్త్‌డేలు చేసుడు మొదలైంది. మా జాగ గట్ల పోయింది. రిహార్సల్‌కు మామ ఇంటి డాబా మీదికి ఎక్కినం. అత్త ఎండవోసిన మిరపకాయలు ఒక పక్కకు నూకి, తుమ్ముకుంట డైలాగులు చెప్పేటోళ్లం. ఒకడు రీల్స్ చేసుకుంటనని పోయిండు, ఇంకొకనికి పెండ్లాం వద్దన్నది. ఊర్లల్ల మా నాటకం పక్కపొంటే డీజే పెట్టేటోళ్లు. మామ వేషం ఏసుకునే ముందట బయటికి తొంగి చూసి, బస్సుల మనుషులను లెక్కవెట్టినట్టు వేలు ఊపి లెక్కవెట్టేటోడు. పది మంది గూడ లేకుంటే మేము మొఖాలు ఏలాడేసేది. “ఒక్కడెక్కినా ట్రిప్పు పోవాలె గదరా, బస్సు నీ అయ్యదా” అని పెట్టె తెరిచేటోడు.

మామ రాసి ఆడిన వాటిల ఆఖరుకు మిగిలింది ఒక్కటే నాటకం. ఊరు రిజర్వాయర్ల మునిగి కొత్త కాలనీకి వచ్చిన గీతకార్మికుడు ఒక ముసలాయన, కూసునేటందుకు జాగ ఎతుకుతడు. పాత ఊర్ల అరుగు మీద కూసునేటోడు. కాలనీల అన్నీ గేట్లే. గేట్లు గూడ మేమే, చేతులు అడ్డం పెట్టి నిలవడ్తం. గంతే కథ. ముసలాయన మామ. నేను ఆయన్ను అదలించే వాచ్‌మన్‌ను, నవ్వించుడు నా పని.

చంద్లాపూర్‌ల ఆడేటప్పుడు నాకు కొంటె పురుగు కుట్టింది. మామ దోతి కొసకు సత్తు చెంబు ఒకటి కట్టిన. ఆయన నడిస్తే అది ఎనుక లొడలొడ ఉరికొచ్చింది. జనం పడిపడి నవ్విన్రు. మామ ఆగిండు. ఎనుకకు తిరిగి చెంబు దిక్కు చానసేపు చూసిండు. “ఊరంత పోయింది. నువ్వొక్కదానివి ఎందుకు ఎంబడివడ్డవే” అన్నడు. ముందటి వరుసల నవ్వుతున్న ఒకాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయిండు. దిగినంక తంతడనుకున్న. మామ చెంబు తెచ్చి నా చేతుల పెట్టి, “రేపటి నుంచి రోజు కట్టు. ముడి జర గట్టిగ వెయ్యి” అన్నడు.

పోయినేడు మామకు దమ్ము ఎక్కువైంది, నాలుగు మాటలకే ఆయాసం. ముసలాయన వేషం నాకు ఇచ్చిండు. అందరు నవ్విన్రు, అత్త గూడ నవ్వింది. హుస్నాబాద్‌ల ఆడిన. గా పక్క ఊర్లల్ల ఇరవై ఏండ్ల సంది నన్ను చూసి నవ్విన జనం, మల్ల నవ్విన్రు. నేను జాగ అడిగితే నవ్విన్రు, ఏడిస్తే ఈలలు ఏసిన్రు. మామ అన్నిటికంటె ఎనుక స్టూల్ మీద కూసోని చూసిండు. ఆట ఒడిసినంక ఆయన కాడికి పోయి, వేషం ఇంకెవనికన్న ఇయ్యి మామా, నాతోని నాటకం సచ్చిపోతదని చెప్పిన.

“ఇంకెవడున్నడురా?” అన్నడు. నిజంగనే ఎవ్వడు లేడు. జరసేపు దమ్ము తీసుకోని మల్ల అన్నడు: “వాళ్లు నవ్వుతుంటె నువ్వు ఉరుకుతున్నవ్. దిగేటోళ్లు దిగక ముందే రైట్ అంటె ఎట్ల? ఆగు.”

తొగుట దిక్కు కొత్త కాలనీల నాటకం ఒప్పుకోని ఉంటిమి. దానికి నాలుగు రోజుల ముందు మామ పోయిండు. దినాలు కాలేదు, ఆడొద్దని సగం మంది అన్నరు. నేను గూడ లోపల గదే కోరుకున్న. హుస్నాబాద్ లెక్క అయితే, మామ పోయిన వారంలనే మామ నాటకాన్ని నేను బొంద పెట్టినట్టయితది. అత్త గోడకు ఒరిగి అన్నీ ఇంటున్నది. “మైల మాకు, మీకేంది? గిప్పుడు ఆగితే మీరు మల్ల కలుస్తరా? నాకు తెల్వదా మీ సంగతి. పోయి ఆడి రాన్రి” అన్నది.

పొద్దు వంగంగ కాలనీ రోడ్డు మీద మొదలువెట్టినం. ఇండ్లల్లకెళ్లి వచ్చి టార్పాలిన్ మీద కూసున్నరు. నిజంగ ఊరు మునిగి వచ్చినోళ్ల ముందట ఆ నాటకం ఆడుడు మాకు గదే మొదలు. నేను కట్టె పట్టుకోని రాంగనే నవ్వు లేచింది. నిలవడ్డ. ఎనుకకెళ్లి ఎవడో నా వాచ్‌మన్ డైలాగ్ అరిచిండు, ఇంకింత నవ్విన్రు. బీడీల అక్క గేటయి నిలవడి, చేతులు గుంజుతున్నట్టున్నయి, నన్ను కండ్లతోని తిడుతుంది. నేను కదల్లే. నవ్వు తగ్గింది. మల్ల ఒకసారి అక్కడక్కడ లేచింది, తగ్గింది. ఎవలో పిలగాండ్లను ఊకోమన్నరు. అప్పుడు మొదటి గేటు కాడికి పోయి జాగ అడిగిన.

నాలుగు గేట్లు ఒడిసినయి. ఎవలు దగ్గలే. నాటకం ప్రకారం నేను ఇగ మర్రి, వచ్చిన తొవ్వనే పోవాలె.

ముందటి వరుసల ఒక ముసలామె, ఒళ్ల పసిపిలగానితోని కూసున్నది. పిలగాన్ని ఎత్తి అటు మోకాలి మీదికి మార్చింది. జర పక్కకు జరిగింది. కొంగుతోని టార్పాలిన్ తుడిచి, నా దిక్కు చూసింది. ఆమె జరిగితే పక్కామె జరిగింది. ఆమె జరిగితే గా పక్క పిల్లలు జరిగిన్రు. నీలం టార్పాలిన్ మీద, ఒక మనిషి కూసునేటంత జాగ ఖాళీగ కనవడ్డది.