వెనకనుంచి తీసిన పాట

“పాట పాడు, కాదనను. మొగం మాత్రం కనపడేది లేదు,” అన్నాడు నా కొడుకు.

“పాడేది నేను, పెదాలు ఆడించేది ఇంకొకామెనా నాయనా?” అంది నా మనవరాలు.

“ఏం, సినిమాల్లో ఆడించడం లేదా?”

“అది సినిమా. ఇది మన శనగ చేను మీద నేను కట్టిన పాట. కర్నూలు నుంచి వచ్చే ఆ పిల్లకు శనగ చెట్టు ఏదో, కంది చెట్టు ఏదో తెలుస్తాదా?”

“తెలవకపోతే చూపిస్తాం. నీ మొగం సెల్లులో పెడితే వాడూ వీడూ కింద ఏందేందో రాస్తాంటారు. అవి చదువుకుంటా కూచోవాల్నా నేను?”

“చదవొద్దు!”

“నేను చదవకపోతే ఆటో స్టాండులో నా పక్కనోడు చదివి వినిపిస్తాడు మే!”

నేను చింతపండులో గింజలు తీస్తూ ఇద్దరి మాటా వింటున్నాను. నా కొడుకు శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ మధ్య ఆటో తోలుతాడు. మనవరాలు నంద్యాలలో డిగ్రీ చదువుతుంది. మా చర్చిలో కోత పండుగ నాడు ఎవరి తొలి పంటలోంచి వాళ్లు కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆరాధన అయ్యాక దాన్ని వేలం వేస్తారు. ఆ పండుగకని పిల్ల ఒక పాట కట్టింది. పాస్టరు అయ్యగారు విని, వీడియో తీసి యూట్యూబులో పెట్టండమ్మా అన్నారు. అంతే, ఇంట్లో గొడవ మొదలైంది.

నేను చదివింది మూడో తరగతి. వీడియోల సంగతి నాకేం తెలుసు? అయినా గొంతు మన ఇంట్లో ఉంది, మొగమూ మన ఇంట్లోనే ఉంది. ఇంకొకరి మొగాన్ని బస్సు చార్జీ ఇచ్చి, అన్నం పెట్టి, చీర కొనిచ్చి తెచ్చుకునేదేమిటి అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. కొడుకు ఆటో తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి పెళ్లి వీడియోలు తీసే అబ్బాయి వచ్చాడు. వస్తూనే తన ఆలోచనంతా చెప్పాడు. కాలువ కింద పచ్చటి వరి మళ్లు, తెల్ల గౌను, పొగ మిషను, పైనుంచి డ్రోను.

“మా చేను ఈడుంటే వరి మళ్లు ఎందుకప్పా?” అన్నాను.

“మీ చేనంతా ఎండిపోయిండాది అవ్వా. రంగే లేదు. పచ్చగా ఉంటేనే జనం చూస్తారు.”

“పచ్చగా ఉంటే పంట ఇంకా దేవుని చేతిలో ఉన్నట్లు. ఎండి గలగలమంటేనే మన చేతికి వచ్చినట్లు. ఇది ఇయ్యమని అడుక్కునే పాట కాదు, ఇచ్చినాక పాడే పాట.”

అబ్బాయి వస్తూ దారిలో తీసుకున్న మా చేను ఫోటోను సెల్లులో మళ్లీ చూశాడు. “అట్లయితే తెల్లారుజామున తీద్దాం. లేత ఎండ పడితే ఎండిన శనగ గూడా బంగారమే,” అన్నాడు. ఆ సంగతి నాకు తట్టలేదు. తెల్లారుజామునైతే మంచు ఊరకే వస్తుంది, పొగ మిషను కిరాయి మిగులుతుంది అని మాత్రం వెంటనే తట్టింది.

చర్చికి కట్టుకునే నా తెల్లచీర పిల్లకు ఇస్తానన్నాను. “తెల్లది వద్దవ్వా. మంచులో కలిసిపోయి మనిషే కనపడదు. నీ పాతది, ఎర్రది ఏదన్నా ఉంటే ఇయ్యి,” అన్నాడు. కలుపుకు కట్టుకుపోయే చీర వీడియోలోనా అని మొదట ముఖం చిట్లించాను గానీ, చేను ఫోటో పక్కన పట్టి చూపించాక అతను చెప్పిందే సరి అని ఒప్పుకున్నాను. అంచు చినిగిన చోట కుట్టి ఇచ్చాను.

ఇక మొగం సంగతి. పిల్ల గడప మీద మూతి ముడుచుకుని కూర్చుంది. చర్చిలో మేము చాపల మీద కూర్చుంటాం. పాట ఎత్తుకునే ఆమె ముందు వరసలో ఉంటుంది. ఇన్నేళ్లూ ఆమె పాటలన్నీ నేను ఆమె వీపు చూస్తూనే విన్నాను. అదే చెప్పాను.

“వెనకనుంచి తీయప్పా. పిల్ల పాడుకుంటా చేలో నడిచిపోతాది. చేతులు శనగ మీద ఆడతాంటాయి. కిరాయి మొగమూ వద్దు, వీళ్ల నాయన మాటా పోదు.”

“ఇంకొకామె లేకపోతే అంతే చాలు,” అంది పిల్ల. కానీ ఆ గొంతులో సంతోషం లేదు.

పొద్దు వాలకముందే చేనుకు పోయి అబ్బాయి తన సెల్లులోనే చిన్న ముక్క తీసి, పిల్ల చేత పాడించి ఆ పాట కలిపాడు. కొడుకు ఇంటికి రాగానే చూపించాడు. వాడు రెండుసార్లు చూశాడు.

“బాగుండాదా అన్నా? యాడా మొగం లేదు.”

“బాగుండాది. ఇంతకూ ఇది ఎవురి కూతురప్పా?”

“అదేందన్నా, నీ కూతురే గదా!”

“నాకు తెలుసులే. చూసేవోనికి ఎట్ల తెలుస్తాది?”

నాకు ఒళ్లు మండింది. “నువ్వు అడిగినట్లే గదరా చేసినాం! ఇప్పుడేందీ?”

“ఏం లేదు మా. సంగటి పెట్టు,” అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు.

పిల్ల పక్కలు పరుస్తూ, “అవ్వా, నాయన రేపు వద్దంటాడా?” అని గుసగుసగా అడిగింది.

“వద్దంటే నేనుండా గదా. పండుకో, బేగా లేయాల,” అన్నాను. అన్నానే గానీ వాడి మనసులో ఏముందో కన్నతల్లిని నాకే తెలియలేదు.

పొద్దున లేచేసరికి మంచు బాగా పట్టి ఉంది. కొడుకు మొదటి ట్రిప్పు మానుకుని, ఆటోలో మమ్మల్ని చేను దాకా తీసుకుపోయాడు. అబ్బాయి కెమెరా పట్టుకుని పిల్ల వెనకాలే నడుస్తూ పాటంతా తీశాడు, ఎందుకైనా మంచిదని ఇంకోసారి తీశాడు. అంతసేపూ తలకు మఫ్లరు చుట్టుకుని ఆటో దగ్గర నిలబడ్డ నా కొడుకు గట్టు దాటి చేలోకి వచ్చాడు.

“ముందర నుంచి గూడా ఒకటి తీయప్పా,” అన్నాడు.

అబ్బాయి నా వైపు చూశాడు. నేను కొడుకు వైపు చూశాను.

“రాసేటోళ్లు ఏమన్నా రాసుకోనీలే. నా కూతురని తెలియాల గదా,” అని, పిల్లతో, “నవ్వాకు మే. దేవుని పాట,” అన్నాడు.

పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. అందుకని మళ్లీ తీయాల్సి వచ్చింది. అది అయ్యేసరికి మంచు విడిపోయి ఎండ పైకి వచ్చింది. ఇంటికొచ్చి పిల్ల చీర మార్చుకుని నంద్యాల బస్సెక్కి కాలేజీకి పోయింది. కొడుకు ఆటో తిప్పుకుని, ఆళ్లగడ్డకు మనుషులను ఎక్కించుకున్నాడు.