ఎద్దును చూసినట్టు చూసి కొన్న మోటారు సైకిల్

మా ఇంటికి మోటారు సైకిల్ వచ్చేనాటికి ఆళ్లగడ్డలో అలాంటి బండ్లు మూడో నాలుగో ఉండేవేమో. వాటిలో ఒకటి బజారులో పోతుంటే అంగళ్లవాళ్లు తక్కెళ్లు వదిలేసి బయటికొచ్చి చూసేవారు. అలాంటి ఊళ్లోంచి నేను రెండేళ్లు మోటారు సైకిల్ మీద నంద్యాలకు పోయి చదువుకున్నాను. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. అవి గొప్పలే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను ఎస్సెల్సీ పాసయ్యాను. నంద్యాలలో టీచరు ట్రైనింగుకు సీటొచ్చింది. హాస్టలు అన్నమాట వినగానే మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, మంచం మీంచి లేచి కూర్చుంది.

“ఆడపిల్ల దీపాలు పెట్టే యాళకు ఇంట్లో ఉండాల. ఉంటాదంటే సదివించుకోండి, ల్యాకపోతే లేదు” అని తేల్చేసింది.

నాయన తన తల్లి మాట దాటే మనిషి కాదు. ఇక బస్సు సంగతి చూస్తే, పొద్దున అది నంద్యాల చేరేసరికి బడి గంట కొట్టి చాలాసేపయ్యేది. సాయంత్రం బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. మిగిలిన దారి ఒక్కటే. మా అన్న నంద్యాలలో పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. అక్కడే గది తీసుకుని ఉండి ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. ఆ ఏడు పత్తి బాగా పండిందని నాయన వాడికి మోటారు సైకిల్ కొనిపెడతానన్నాడు. బండి వస్తే వాడు రోజూ ఇంటి నుంచే మిల్లుకు పోతాడు, వాడి వెనక నేను కూర్చుంటాను. అన్న వెంట పోతే పోనీలే అని అవ్వ కూడా మెత్తబడింది.

చిక్కల్లా ఎక్కడంటే, అన్న మనసు పడ్డ బండికి వెనక సీటే లేదు.

నంద్యాలలో మోటారు బండ్లు బాగుచేసే ఒక మేస్త్రి షెడ్డులో రెండు పాత బండ్లు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి నల్లది. ఎవరో రోడ్ల ఇంజనీరు దాని మీద జిల్లా అంతా తిరిగాడట. వెడల్పాటి హ్యాండిలు, ముందొకటి వెనకొకటి సీట్లు, సామాన్లకు ఇనప క్యారియరు, బర్రె అంత ఒళ్లు. రెండోది ఎర్రది. సన్నటి నడుము, కిందికి వంగిన హ్యాండిలు, ఒకే ఒక్క సీటు. పందేల పిచ్చి ఉన్న ఒక షావుకారు కొడుకు తెప్పించుకున్నదట. దాన్ని ఊరికే చూసి రావడానికి మా అన్న మిల్లు వదిలాక షెడ్డుకు పోయేవాడు. బండి నడపడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. ఇంటికొస్తే అన్నం తింటూ కూడా దాని మాటే. నా ట్రైనింగు సంగతి వాడికి తెలియదా అంటే తెలుసు. ఇరవై రెండేళ్లవాడు, ఎర్ర బండి కనబడితే చెల్లెలు కనబడుతుందా?

బండి చూడ్డానికి నాయన, నేను బస్సులో నంద్యాల పోయాం. అన్న మిల్లు నుంచి నేరుగా షెడ్డుకు వచ్చాడు. నేనూ వస్తానని మొండికేసి మరీ వెంటపడ్డాను. నాయన ఎద్దులను చూడటంలో మొనగాడు. కొలిమిగుండ్ల వైపు నుంచి కూడా రైతులు వచ్చి, ఎద్దులు కొనేముందు ఆయన్ను వెంటబెట్టుకుని పోయేవారు. మోటారు సైకిల్‌ను ఎలా చూడాలో ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకునే రకమూ కాదు. అందుకని తెలిసిన పద్ధతిలోనే చూశాడు.

కండువా నడుముకు బిగించి రెండు బండ్ల చుట్టూ మూడేసిసార్లు తిరిగాడు. వంగి చక్రాలను గిట్టలు చూసినట్టు చూశాడు. ఇంజను మొదలుపెట్టించి, బెదురుతుందేమోనని ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాడు. మేస్త్రి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. చివరికి నల్లదాని పెట్రోలు ట్యాంకు మీద చిన్న సొట్ట ఒకటి నాయన కంటబడింది.

“ఏందప్పా ఇది? మూపురం ఎనక ఈడ సుడి ఉంటే ఇంటికి అరిష్టం” అన్నాడు.

“అది సుడి కాదన్నా, రాయి తగిలి సొట్ట పోయింది” అన్నాడు మేస్త్రి.

“ఏదైతే ఏం, ఉండగూడని సోట ఉండాది” అని నాయన ఎర్రదాని వీపు తట్టాడు. “ఇది సూడు, పందెం ఎద్దు మాదిరి యట్ల తల వంచిందో. ఇదే కొందాం.”

అన్న మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. సొట్ట చూశారు, సుడి చూశారు, అక్కడే నిలబడి ఉన్న నన్ను మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

మా ఇంట్లో ఎద్దును కొనేముందు ఆఖరి పరీక్ష ఒకటి ఉండేది. రోజూ మేతా కుడితీ పెట్టేది ఆడవాళ్లు కాబట్టి ఇంటి ఆడమనిషి దగ్గరికి పోయి చేత్తో గడ్డి పెట్టాలి. ఎద్దు కొమ్ము విసిరినా, ఆమె బెదిరి వెనక్కి తగ్గినా ఆ ఎద్దు మాకొద్దు. ఎంత మంచి ఎద్దయినా సరే, ఈ పరీక్ష లేకుండా నాయన కొన్నది లేదు.

“నాయనా, ఆడమనిషితో సూపించకుండానే కొంటాండావే!” అన్నాను గట్టిగా.

షెడ్డులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. నేను నేరుగా ఎర్రదాని దగ్గరికి పోయి, “యాడ కూచోవాల?” అని అడిగాను. నాయన గడ్డం గోక్కున్నాడు. తన పద్ధతిని నలుగురిలో తనే కాదనలేడు.

“సరే, నల్లదాని మీద కూచో. ఒక్కసారి బెదిరితివా, రెండూ వద్దు, ఇంటికి పోదాం” అన్నాడు.

ఏ పక్కకు కాళ్లు పెట్టి కూర్చోవాలో నాకేం తెలుసు? వేడి పొగగొట్టం ఉన్న పక్కకే పెట్టి కూర్చున్నాను. అన్న బండి తీశాడు. రైలు స్టేషను దాకా పోయి రావాలి. స్టేషను ముందు గుంతలో బండి ఎగిరినప్పుడు పావడ అంచు జరిగి నా పిక్క ఆ గొట్టానికి అతుక్కుంది. ప్రాణం జివ్వున లాగింది. అరిస్తే నా చదువు అక్కడితో సరి. పళ్లు కొరుక్కుని, కాలు ఎడంగా పెట్టుకుని, షెడ్డు వచ్చేదాకా గుడ్లు మిటకరించి కూర్చున్నాను. దిగి నాయనకేసి చూసి నవ్వాను కూడా. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

నాయన చూడలేదు కానీ అన్న చూశాడు. మాడిన పావడ అంచు చూశాడు, నేను కాలు మోపలేకపోవడం చూశాడు. ఒకసారి ఎర్ర బండి వైపు తిరిగాడు. నేను ఒక్క చుక్క కన్నీరు రానీయలేదు, వాడి కళ్లలోనే తడి కనబడింది.

“నల్లదే నాయనా” అన్నాడు.

“సుడి?”

“సుడి నేను సూసుకుంటాలే.”

నాయన బస్సులో, మేమిద్దరం బండి మీద తిరుగు ప్రయాణమయ్యాం. ఈసారి కాళ్లు రెండో పక్కకు పెట్టుకున్నాను. సిరివెళ్ల దగ్గర అన్న బండి ఆపి, ఒక అంగట్లో కొబ్బరి నూనె అడిగి తెచ్చి, రోడ్డు పక్కన కూర్చోబెట్టి నా పిక్కకు రాశాడు.

“చెప్పాల్సింది గదామే!”

“చెప్పింటే కొనేటోళ్లా?”

“నీయంత మొండిదాన్ని యాడా సూడలే” అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో గానీ, నేను మెచ్చుకోలుగానే పుచ్చుకున్నాను.

రెండేళ్లలో ఒక్కరోజు కూడా అన్న దీపాలవేళ దాటనివ్వలేదు. వానల్లో తడిశాం, దారిలో బండి మొరాయిస్తే తోశాం. మొదట్లో మమ్మల్ని చూసి నోరు నొక్కుకున్న ఆడవాళ్లే, తరువాత మా పిల్లను కూడా చదివిద్దామా అని మా అమ్మను అడగడం మొదలుపెట్టారు. పిక్క మీది మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని నేనెప్పుడూ దాచుకోలేదు.

ట్రైనింగు ఫలితాలొచ్చాయి. మా బ్యాచిలో నేనే మొదటిదాన్ని. అన్న నేరుగా ఇంటికి తీసుకుపోకుండా, ఆళ్లగడ్డ బజారు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నన్ను తిప్పాడు. టీ అంగడి ముందు అన్న స్నేహితుడొకడు బండి ఆపించాడు.

“ఏమప్పా, ఆ ఎర్ర బండి మీద పానం పెట్టుకోని, ఈ దున్నపోతును ఎందుకు కొంటివి?” అని నవ్వాడు.

“దానికి ఒకటే సీటప్పా” అన్నాడు మా అన్న. “మా ఇంట్లో టీచరమ్మ ఉండాది.”

అప్పటికి నేనింకా ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఊళ్లో నన్ను మొదట టీచరమ్మ అన్నది మా అన్నే.