రెండో డ్రమ్ము పానకం

పోయిన నెల గురుగ్రామ్‌లో మా మేనకోడలి వెంట పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను. దాని కొడుక్కి ఎనిమిదేళ్లు. టీకాల కార్డు తిరగేసిన నర్సు, హెపటైటిస్ ఎ రెండో డోసు మిగిలిపోయిందని చెప్పింది. "వేసేయండి దీదీ," అని నర్సుతో చెప్పి మా మేనకోడలు నా వైపు తిరిగింది. "నాన్న ఉంటే టీకా ఎందుకు, గోల్‌గప్పాలు తినకపోతే చాలు అనేవారు కదా మామయ్యా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో గోల్‌గప్పాల, అంటే పానీపూరీల, మాట వచ్చినప్పుడల్లా నేను అలాగే నవ్వుతున్నాను. ఇక నవ్వలేక ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను నోయిడాలో ఓ కంపెనీలో పనిచేస్తూ, ఆదివారం వస్తే చాలు అక్క చేతి పప్పుచారు కోసం దక్షిణ ఢిల్లీలోని వాళ్ల గవర్నమెంటు క్వార్టరుకు చేరేవాణ్ని. బావగారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఇంట్లో కూడా ఏదైనా సర్క్యులరు చదివినట్టే చెప్పేవారు. మేనకోడలికి పదిహేడేళ్లు. పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయాయి, మే నెలలో మెడికల్ ఎంట్రెన్స్ ఉంది. పరీక్ష అయ్యేదాకా బయటి తిండి, బయటి నీళ్లు నిషేధమని సర్క్యులరు వెలువడింది. అది తు.చ. తప్పకుండా పాటించింది ఆ పిల్ల. కోచింగ్‌కని కరోల్ బాగ్ వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా కాచి చల్లార్చిన నీళ్ల సీసా భుజాన వేలాడాల్సిందే. "పెళ్లి పీటల మీదికి కూడా దీన్నే తెచ్చుకుంటావా ఏమిటే?" అని నేను ఏడిపిస్తే, "డాక్టర్ బన్‌నా హై మామయ్యా, బీమార్ నహీ. కావాల్సింది డాక్టరు, రోగి కాదు," అనేది.

ఆ ఏడు శ్రీరామనవమికి మా తెలుగువాళ్ల సంఘంలో పానకం బాధ్యత నాది. "కాచిన నీళ్లు తప్ప పొయ్యకురా, పిల్లలు తాగుతారు," అని అక్క ముందే చెప్పింది. పొద్దున్నే వంటవాళ్ల గుండిగల్లో నీళ్లు మరిగించి, చల్లార్చి, మొదటి డ్రమ్ము పద్ధతిగానే కలిపాను. యాలకులు, మిరియాలు, శొంఠి గుబాళింపు హాలంతా నిండింది. కల్యాణం ముగిసేసరికి అనుకున్నదానికి రెట్టింపు జనం వచ్చారు, డ్రమ్ము ఖాళీ అయింది. వరసలో పెద్దవాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మళ్లీ కాచి చల్లార్చే ఓపిక ఎవరికుంది? హాలు వెనక ఆగి ఉన్న ట్యాంకరు నుంచి నీళ్లు పట్టించి, గోనెసంచిలో వచ్చిన ఐసు దిమ్మ పగలగొట్టి వేసి, బెల్లం ఇంకాస్త దట్టించాను. అప్పటిదాకా ఎండలో అందరికీ వడపప్పు పంచిన మేనకోడలు చెమటలు కక్కుతూ వచ్చింది. దాని సీసా ఖాళీ. గ్లాసు చేతిలోకి తీసుకుని కూడా ఆగి అడిగింది.

"మామయ్యా, ఇవి కాచిన నీళ్లేనా?"

"ఆఁ, కాచినవే. తాగు తల్లీ."

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వరస కదలాలి, నేను తప్పు చేశానని ఓ చిన్నపిల్ల ముందు ఒప్పుకోవడం నామోషీ. అంతే. అది రెండు గ్లాసులు తాగింది. నేనూ తాగాను, బావగారూ తాగారు. మాకేమీ కాలేదు.

నెల తిరిగేసరికి దానికి అన్నం వాసన పడలేదు. వాంతులు, నీరసం, ఆపైన పచ్చబడ్డ కళ్లు. రక్తపరీక్షలో హెపటైటిస్ ఎ అని తేలింది. డాక్టరుగారు పెద్దావిడ, నిదానస్తురాలు. ఇది మురికి కలిసిన నీళ్లు, తిండి ద్వారా వస్తుందనీ, లోపలికి వెళ్లిన మూడు నాలుగు వారాలకు గాని బయటపడదనీ చెప్పారు. పల్లెల్లో దొరికిన నీళ్లు తాగి పెరిగిన మీకు పసితనంలోనే తెలియకుండా వచ్చిపోయి ఉంటుంది, ఫిల్టరు నీళ్లతో పెరిగిన ఈ వయసు పిల్లలకు గట్టిగా వస్తుంది, టీకా ఉంది, ముందే వేయించాల్సింది అన్నారు. పసర్లు గిసర్లు పొయ్యొద్దని అక్కను హెచ్చరించారు. తర్వాత పిల్లను అడిగారు, నెల కిందట బయట ఏం తీసుకున్నావని.

"ఏమీ లేదు ఆంటీ. ఒక్క పానకం. కానీ అది ఉబ్‌లా హువా పానీ, కాచిన నీళ్లే. మామయ్యే చెప్పాడు."

డాక్టరుగారు నా వైపు చూశారు. బావగారు, అక్క, పచ్చటి కళ్లతో ఆ పిల్ల, అందరూ చూశారు. "అవునండీ, కాచినవే," అన్నాను.

ఇక మిగిలింది గోల్‌గప్పాలే. కోచింగ్ దగ్గర బండి ముందు స్నేహితురాళ్లతో నిలబడగా ఎవరో చూసి బావగారికి చెప్పారట. "వాళ్లు తింటుంటే బ్యాగులు పట్టుకున్నాను నాన్నా, ఒట్టు, కసమ్ సే," అంది ఏడుస్తూ. "రోగం కన్నా ఈ అబద్ధమే ఎక్కువ బాధగా ఉందమ్మా," అన్నారాయన. పరీక్ష రోజున అది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మరుసటి ఏడాది మళ్లీ రాస్తానంటే, "నీ మాట నమ్మి ఇంకో ఏడాది పోగొట్టనా?" అని బీకాంలో చేర్పించారు. ఆ తర్వాత తండ్రీకూతుళ్లు మాట్లాడుకోలేదని కాదు. అది ఏం చెప్పినా ఆయన ఒక క్షణం ఆగి, దాని మొహం చూసి, అప్పుడు తలూపేవారు. ఆ క్షణం ఆయన పోయేదాకా, అంటే పోయిన చలికాలం దాకా, అలాగే ఉండిపోయింది.

పోయిన నెల పిల్లాడికి టీకా వేయించి క్లినిక్ నుంచి తిరిగి వస్తూ కారులో చెప్పేశాను, ట్యాంకరు సంగతీ, ఐసు సంగతీ, డాక్టరు ముందు నేనన్న మాటా. అది బండి పక్కకు తీసి ఆపింది. వెనక సీట్లో పిల్లాడు చెయ్యి నొప్పి అంటూ ఏదో పాడుకుంటున్నాడు. అద్దంలోంచి ముందుకే చూస్తూ, "నాన్న ఉన్నప్పుడు చెప్పాల్సింది మామయ్యా," అంది. మళ్లీ బండి నడిపింది.

ఇన్నాళ్లూ సరైన సమయం కోసం ఎదురుచూస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. నేను అలా గడిపేసిన ఇరవై ఏళ్లూ నావి కావు, ఆ తండ్రీకూతుళ్లవి.