పచ్చి పీచుల ఆవకాయ

అమెరికాలోని జార్జియాలో మేమున్న ఊరి చుట్టుపక్కల రోడ్ల వెంట, పాత చెక్కల మీదా అట్టముక్కల మీదా చేత్తో రాసిన బోర్డులు ఉండేవి. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. చెరుకు పాకం. రెండు తలల దూడ, వచ్చి చూడండి. నేను కారు నడుపుతుంటే నా భార్య పక్కన కూర్చుని వాటిని పైకి చదివేది. అక్షరాలు తప్పుగా రాసి ఉంటే తప్పుగానే చదివి నవ్వుకునేది.

డెబ్భైల చివర్లో నాకొక నూలు మిల్లులో ఉద్యోగం దొరికి అక్కడికి వెళ్ళాం. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళం మేమిద్దరమే. అట్లాంటా దాకా వెళితే గాని మన మాట వినపడేది కాదు. ఆదివారం మాత్రం చర్చికి వెళ్ళేవాళ్ళం. మేము మొదటిసారి వెళ్ళిన రోజు ఒక పెద్దావిడ నా భార్య చెయ్యి పట్టుకుని, మీరు క్రైస్తవులు ఎప్పుడయ్యారమ్మా అని ఎంతో ప్రేమగా అడిగింది. "మా ముత్తాతగారి కాలంలోనండీ. మరి మీరో?" అంది నా భార్య, అంతే ప్రేమగా. ఆవిడ కాసేపు ఆలోచించి, తెలియదమ్మా, ఎవరినైనా అడగాలి అంది.

చర్చి అయ్యాక ఇంటికి వెళ్ళకుండా ఊళ్ళ మీద పడేవాళ్ళం. ఒక ఊళ్ళో బస్సంత ఎత్తున సిమెంటు వేరుశనక్కాయ ఉండేది. ఇంకో ఊళ్ళో ఒక ముసలాయన ఖాళీ మందు సీసాలను సున్నంతో పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. సాయంత్రం ఎండ పడితే లోపలి గోడలు నీలంగా వెలిగేవి. రెండు తలల దూడ ఒక పెట్రోలు బంకులో, గాజు పెట్టెలో ఉండేది. ఎప్పుడో చచ్చిపోయినదాన్ని లోపల గడ్డి కూరి నిలబెట్టారు. ఒక తలకి చెవిని చిమటలు కొట్టేశాయి.

ఈ గోడలూ దూడ చెవీ నేను చూసి చెప్తున్నవి కావు. ఆమె చూసొచ్చి చెప్పినవి. ఆమె దిగేది, నేను దిగేవాణ్ణి కాదు. ఇంజను ఆపకుండా సీట్లోనే కూర్చునేవాణ్ణి. ఆమె చీర కట్టుకుని అలా నడిచి వెళుతుంటే జనం తిరిగి చూసేవాళ్ళు. ఆ చూపులు నా దాకా రాకూడదని నా ఆరాటం. ఒకసారి, మే నెలలో, దిగే ముందు కోటు వేసుకోమన్నాను.

"చలేస్తోందా మీకు?" అని అడిగింది. ఆమె కోటు వేసుకునే వెళ్ళింది. చెమటతో తిరిగొచ్చింది.

దిగిన చోటల్లా ఏదో ఒకటి కొని తెచ్చేది. వేరుశనక్కాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని, "మా ఇంట్లో ఉడకబెట్టినట్టే ఉన్నాయండీ, ఉప్పే కాస్త ఎక్కువ" అంటూ ఒలిచి నా నోట్లో పెట్టేది. అక్కడి పీచు పండ్ల గుజ్జు కూరి నూనెలో వేయించినదాన్ని చూసి కజ్జికాయ అని పేరు పెట్టింది. ఆ ప్రాంతం వాళ్ళు పొద్దున్నే తినే తెల్ల మొక్కజొన్న జావ ఆమెకి నచ్చలేదు. "ఉప్మా మొదలుపెట్టి పోపు మర్చిపోయినట్టున్నారు" అంది.

నా సిగ్గుకి ఒక మొదలుంది. మిల్లులో చేరిన కొత్తలో ఆమె పెరుగన్నం కలిపి, పక్కన ఆవకాయ ముక్క పెట్టి ఇచ్చింది. భోజనాల గదిలో డబ్బా మూత తియ్యగానే మా సూపర్వైజరు ముక్కు ఎగబీల్చి, "ఎవరయ్యా ఇక్కడ రంగు డబ్బా తెరిచింది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాటలో ద్వేషం లేదు. తర్వాత ఒకరోజు నా కారు బ్యాటరీ చచ్చిపోతే వానలో తడుస్తూ నిలబడి కారు కదిలించినవాడూ అతనే. నేను మాత్రం ఆ రోజు వాళ్ళతో పాటు నవ్వి, లేచి వెళ్ళి, డబ్బాను చెత్తబుట్టలో బోర్లించాను. ఇంటికి వచ్చి రేపట్నుంచి బ్రెడ్డు చాలన్నాను.

"బాలేదా?" అంది.

"బాగానే ఉంది. తినడానికి టైము ఉండదు."

రెండో వసంతంలోనో మూడో వసంతంలోనో ఒక పీచు తోట దగ్గర ఆగాం. పీచు పండంటే ఆ ప్రాంతం వాళ్ళకి ఎంత మోజంటే, పక్క ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కూడా పీచు పండు ఆకారంలోనే కట్టారు. నా భార్యకి ఆ పేరు మింగుడుపడలేదు. "పీచేమిటండీ? మామిడిపండు తింటే పళ్ళల్లో ఇరుక్కునేది కదా పీచంటే. వీళ్ళు పండుకే ఆ పేరు పెట్టేశారు. మీ మిల్లులోనూ పీచే, బయటికొస్తే పీచే."

తోటలో చెట్ల కింద నేలంతా పచ్చికాయలు. కాపు మరీ ఎక్కువైతే మిగిలినవి లావెక్కాలని సగం కాయలు చిన్నప్పుడే తుంచి పారేస్తారు. ఆమె ఒకటి తీసి, చెంగుతో నూగు తుడిచి కొరికింది. ఒక కన్ను మూసుకుపోయింది. కారు దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చింది.

"పులుపండీ. మంచి పులుపు."

తోట యజమాని ఒక పెద్దావిడ. భర్త పోయాక ఆయన టోపీ పెట్టుకుని తోట తనే చూసుకునేది. ఈ కాయలు మీకేమైనా పనికొస్తాయా అని నా భార్య అడిగితే, "పందులు కూడా వాసన చూసి వెళ్ళిపోతాయి హనీ. బకెట్ ఇవ్వనా?" అంది.

ఆ వారమంతా మా వంటగదిలో పండగే. కాయలు తుడిచి ఆరబెట్టింది. ఆవాలు మిక్సీలో కొట్టింది. గుంటూరు నుంచి తెచ్చుకున్న కారంలో ఆఖరి పొట్లం విప్పింది. నూనె కోసం అట్లాంటాలో చైనావాళ్ళ కొట్టుకి వెళ్ళాం. అది వేయించిన నువ్వుల నూనె, వాసన వేరు, అయినా ఫరవాలేదంది. టెంక ముదరలేదన్నదొక్కటే ఆమెకి లోటు. "టెంక లేని ఆవకాయ చప్పరించడానికి ఏముంటుంది?" అంటూనే కలిపింది. మూడో రోజు తిరగేసి, వేడన్నంలో కలిపి ముద్ద పెట్టింది. నేను ఇంకో ముద్ద అడిగాను. ఆ తర్వాత గిన్నె నా ముందుకి లాక్కున్నాను.

బకెట్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఒక సీసా తీసుకెళ్ళింది. తోట ఆవిడ చెంచాతో నాకి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెంచా పెట్టింది. "నువ్విది ఫెయిర్‌లో పెట్టాలి" అంది.

ఆకురాలే కాలంలో ఆ జిల్లాకంతా జాతర లాంటిది జరిగేది. అందరూ దాన్ని ఫెయిర్ అనేవారు. పశువులు, గుమ్మడికాయలు, రంగులరాట్నాలు, ఒక పెద్ద రేకుల షెడ్డులో ఆడవాళ్ళు ఇంట్లో పట్టిన ఊరగాయల పోటీ. నా భార్య ఒక సీసా అప్పటిదాకా దాచింది. వేసవి అంతా దాని గురించే మాట్లాడింది. గెలవాలని కాదు. "అందరి సీసాల పక్కన మనదీ ఉంటుంది కదండీ" అనేది.

సీసాలు గురువారం ఇవ్వాలి. ఆమెకి అప్పటికి డ్రైవింగ్ రాదు. మధ్యాహ్నం భోజనం టైములో నేను ఇచ్చి వస్తానన్నాను. ఆమె సీసాకి తెల్ల గుడ్డ చుట్టి, బిడ్డని అప్పజెప్పినట్టు నా చేతికిచ్చింది.

షెడ్డు దగ్గరికి వెళ్ళాను. సీసా చేత్తో పట్టుకునే వెళ్ళాను. లోపల బల్లల మీద అన్నీ తేటగా, లేత రంగుల్లో ఉన్నాయి. దోసకాయ చక్రాలు, పుచ్చకాయ తొక్కలు, చక్కెర పాకంలో పీచు ముక్కలు. గుడ్డ కాస్త తొలగించి చూస్తే నా చేతిలోది ఎర్రగా, చిక్కగా, నూనె తేలుతూ ఉంది. సీసాలు తీసుకుంటున్నది మా సూపర్వైజరు భార్య. నన్ను చూసి చెయ్యి ఊపింది. గుడ్డ చుట్టిన సీసాని కోటు కిందికి లాక్కున్నాను.

"ఏం తెచ్చారు మాకోసం?" అంది నవ్వుతూ.

"ఏమీ లేదు. ఊరికే చూద్దామని."

సీసా డిక్కీలో పడేసి మిల్లుకి వెళ్ళిపోయాను. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఇచ్చారా అని అడిగింది. ఇచ్చానన్నాను. ఎక్కడ పెట్టారంది. ముందు వరసలో అన్నాను. ఎందుకో ఆ చిన్న అబద్ధం పెద్దదానికంటే ఎక్కువ గుచ్చుకుంటుంది ఇప్పటికీ.

శనివారం ఆమె ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని తయారైంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. షెడ్డులో ముందు వరస చివరిదాకా నడిచింది. వెనక్కి వచ్చి రెండో వరస చూసింది. ప్రతి సీసా దగ్గరా ఆగింది.

"లోపలికి తీసుకెళ్ళుంటారు, రుచి చూడ్డానికి" అన్నాను.

"అన్నీ ఇక్కడే ఉన్నాయిగా."

"వాళ్ళ రూల్సుకి సరిపోలేదేమో."

"అడిగొస్తాను." సూపర్వైజరు భార్య కూర్చున్న బల్ల వైపు కదిలింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "వద్దు. అడిగితే బాగుండదు" అన్నాను. ఆమె నా చేతి వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు. సరేనంది.

బయట ఒక గుమ్మడికాయ కొంది. దాన్ని పెట్టడానికి తిన్నగా కారు వెనక్కి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తి, వెనక సీట్లో పెడదామన్నాను. మూడు రోజులు ఎండలో నిలబడ్డ కారది. డిక్కీ తెరవక ముందే ఆవపిండి వాసన బయటికి వస్తోంది. తాళాలివ్వండి అని చెయ్యి చాచింది. ఇచ్చాను.

సీసా పక్కకి దొర్లి ఉంది. తెల్ల గుడ్డంతా ఎర్రగా తడిసింది.

"నూనె కారింది" అంది. చెంగుతో సీసా తుడిచి, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరబోతుండగా, కిటికీ వైపు చూస్తూ అంది: "ఇంట్లో అయితే గిన్నె మీ ముందుకి లాక్కుంటారు."

అంతకంటే ఏమీ అనలేదు, ఆ రోజూ తర్వాతా. అన్నం ఎప్పటిలాగే పెట్టింది. కాని ఆ ఏడాది పొడుగునా కారులో ఒక్క బోర్డూ చదవలేదు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా ఇంటికే. ఒకసారి నేనే, అదుగో వేరుశనక్కాయలు, ఆపనా అన్నాను. వద్దులెండి, కోటు తేలేదు అంది.

చర్చిలో మా అపరాధములు క్షమించుము అని చెప్పుకునేటప్పుడు నాకు ఆ డిక్కీయే గుర్తొచ్చేది. దేవుణ్ణి అడగడం తేలికగానే ఉండేది. పక్కన నిలబడ్డ మనిషిని అడగలేకపోయాను.

మళ్ళీ వసంతంలో తోట ఆవిడే ఫోను చేసి, పందులు వద్దన్న కాయలు రాలాయి హనీ అంది. నా భార్య మళ్ళీ కలిపింది. ఆ ఏడు సీసా నా చేతికివ్వలేదు. తోట ఆవిడ ట్రక్కులో ఇద్దరూ వెళ్ళి ఇచ్చి వచ్చారు.

ఫెయిర్ రోజుల్లో మా సూపర్వైజరు, భోజనం అక్కడే చేద్దాం రమ్మని నన్ను లాక్కెళ్ళాడు. అతని భార్యని పలకరించడానికి షెడ్డులోకి వెళ్ళాం. లేత రంగుల మధ్య ఆ ఒక్క సీసా ఎర్రగా ఉంది. కింద అట్టముక్క మీద ఆమె పేరు, దాని పక్కన నా ఇంటిపేరు.

"ఇది మీవాళ్ళదేనా?" అన్నాడు వంగి చూస్తూ.

పేరు అక్కడ రాసి ఉంది. దాచడానికి నాకేమీ మిగల్లేదు, అందుకే ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. "నా భార్య చేసింది. నేను రోజూ తింటాను. అప్పుడు నువ్వు రంగు డబ్బా అన్నావే, అదే ఇది" అన్నాను.

"నేనన్నానా? ఎప్పుడు?"

చెప్పాను. గుర్తులేదన్నాడు. నిజంగానే లేదు, మొహం చూస్తే తెలుస్తోంది. నేను అన్నేళ్ళు మోసిన మాట అతను ఆ గది దాటకముందే మర్చిపోయాడు. బహుమతేమీ రాలేదని, న్యాయనిర్ణేత ఒకాయన చెంచాడు తిని రెండు గ్లాసుల చల్లని టీ తాగి, మళ్ళీ చెంచా ముంచాడని అతని భార్య చెప్పింది.

ఆ సాయంత్రం నా భార్యకి మొదట్నుంచీ చెప్పాను. భోజనాల గది, చెత్తబుట్ట, కోటు కింద సీసా, ముందు వరస అన్న అబద్ధం. క్షమించమన్నాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"పెరుగన్నం కూడా పారేశారా?"

"పారేశాను."

"అన్నం ఏం చేసిందండీ?" అంది. కాసేపటికి, "ఆదివారం సీసా తెచ్చుకోవాలి" అంది.

ఆదివారం వెళ్ళాం. నేనూ షెడ్డులోకి వెళ్ళాను, సీసా నేనే పట్టుకుని జనం మధ్య నుంచి కారు దాకా తెచ్చాను. పావు వంతు ఖాళీ అయింది. ఎవరు తిన్నారో తెలియదు. తిరుగు దారిలో ఒక మలుపు దగ్గర ఆమె మెల్లిగా చదివింది, రాసిన తప్పుతో సహా: "ఉడకబెటిన వేరుశనక్కాయలు. వేడివి. కుడివైపు."

కుడివైపు తిప్పి ఇంజను ఆపాను. ఆమె కంటే ముందు నేనే దిగాను. పొగలు కక్కుతున్న గుండిగ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. తిరిగి చూశారు. నేను రెండు సంచులు అడిగి, ఒకటి ఆమెకిచ్చాను. ఉప్పునీళ్ళు నా చర్చి ప్యాంటు మీద కారుతుంటే, కారుకి ఆనుకుని అక్కడే నిలబడి తిన్నాం.