యూనుస్ నిద్రపుచ్చిన కారు

యూనుస్‌కు ఉన్న బట్టల్లో చిల్లు లేనిది పెళ్లినాటి షేర్వాణీ ఒక్కటే. మిగతావన్నీ బ్యాటరీ యాసిడ్ తిన్నవే. నాగర్‌కర్నూల్ బస్టాండు దారిలో అతని బ్యాటరీ కొట్టు, దాని పక్కనే నా జొన్నరొట్టెల పొయ్యి. ముప్పై ఒక్క ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాం. అతని భార్య రజియాబీ కొత్త చొక్కాలు కొనడం ఎప్పుడో మానేసింది. కొన్నా వారానికి జల్లెడే కదా అంటుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ యూనుస్ సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి దీన్ని దిద్దుకోవచ్చు.

అతనిది వీపనగండ్ల. తండ్రి కౌలుకు వేరుశనగ వేసేవాడు. పద్నాలుగో ఏట ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాడు. ఆ రోజుల్లో బ్యాటరీ పాడైతే మూత మీది తారు కరిగించి, లోపలి పలకలు పీకి, కొత్తవి అతికి, మళ్లీ మూసేవారు. ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు, పెళ్లి ఊరేగింపుల మైకు బండ్లు, అన్నీ అతని గడప తొక్కినవే. ఎవడైనా వచ్చి "యూనుస్ భాయ్, బ్యాటరీ చచ్చింది" అన్నాడో, పని మొదలుపెట్టక ముందే ఒక పాఠం వినాల్సిందే.

"చచ్చిందనకు. పండుకున్నది. నిన్ను పొద్దుగాల నాలుగింటికి ఎవడన్న తన్ని లేపితే నువ్వు లేస్తవా?"

ఇప్పుడు మూతలు తెరవని బ్యాటరీలు వచ్చాయి. పాతది తీసి కొత్తది పెట్టడమే పని. మొన్న చలికాలంలో ఒక కుర్రవాడు కొత్త హైబ్రిడ్ కారు తెచ్చి కొట్టు ముందు ఆపాడు, ఏదో దీపం వెలుగుతోందని. యూనుస్ పానా పట్టుకుని లేవగానే, "తాతా, ఇది నీతోని కాదు, చెయ్యి పెట్టకు" అని వెళ్లిపోయాడు. నేను రొట్టె కాల్చే చేత్తోనే వాడికి రెండు మాటలు అన్నాను. యూనుస్ మాత్రం పానా తుడిచి డబ్బాలో పెట్టాడు. ఆ రోజు నుంచి పాఠం చెప్పడం కూడా మానేశాడు.

అల్లుడు ముదస్సిర్‌కు వనపర్తిలో సెల్‌ఫోన్ల దుకాణం. మంచివాడే, మామ దగ్గు చూసి, "కొట్టు ఇడిచిపెట్టుర్రి మామూ, నా దుకాణంల ఫ్యాను కింద కూసోర్రి" అని రెండేళ్లుగా అంటున్నాడు. చివరికి ఒక సోమవారం యూనుస్ సరేనని, అద్దె కొట్టు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"శుక్రారం షాపు మాలిక్ వస్తడంట అక్కా. నేను ఉండ. నువ్వే ఇయ్యి."

"నేను నీ గుమాస్తానా? నువ్వే ఇయ్యరాదు?"

"నా చేతులతోని ఇయ్యలేనక్కా" అన్నాడు.

తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను.

బుధవారం పొద్దున్నే గోపాల్‌పేట నుంచి మా చెల్లె అమృతమ్మ ఫోన్. దాని కూతురు గీత వనపర్తి బడిలో టీచరు. సొంత జీతంతో కొత్త హైబ్రిడ్ కారు కొన్నది. పెట్రోలూ కరెంటూ రెండూ ఉన్న కారు. మా వంశంలో నాలుగు చక్రాల బండి అంటే మా మరిది మాసయ్య ట్రాక్టరే, అందుకని ఇంటిల్లిపాదికీ కాలు నేల మీద లేదు. అయితే కారు ఇంటికి వచ్చే వేళకు మూఢం పడింది. మూఢం పోయేదాకా చక్రం కదలరాదని మాసయ్య శాసనం. షోరూం వాడు హైదరాబాదు నుంచి నడిపి తెచ్చాడు కదా, అప్పుడు చక్రం తిరగలేదా అని నేనడిగితే, "అది వాని తిరుగుడు వదినా, మన లెక్కల రాదు" అన్నాడు. శుక్రవారం పొద్దున మూఢం పోయాక, గద్వాల జమ్ములమ్మ దగ్గర పూజ చేయించి అప్పుడు ఎక్కుతారట. ఆ తల్లి పేరే నాది, కాబట్టి నేను కాదనలేదు.

అప్పటిదాకా కారు వసారాలో గోడకు ఆనించి నిలబెట్టారు. రోజూ సాయంత్రం చుట్టాలు రావడం, తలుపులు తీసుకుని కూర్చోవడం, పాటలు పెట్టుకోవడం. వారానికి కారు గప్‌చుప్. కంపెనీ మనిషి వచ్చి వేరే బ్యాటరీ తగిలించి లేపి, తలుపులు తెరిచి కూర్చోవద్దని చెప్పి వెళ్లాడు. చుట్టాలను మాన్పించారు. అయినా మళ్లీ పడుకుంది. మళ్లీ వచ్చి లేపాడు. ఇప్పుడు మూడోసారి. ఈసారి లారీ పంపుతామనీ, ఎక్కించి హైదరాబాదు తీసుకుపోతామనీ అంటున్నారు.

"పూజ కాకముందే కొత్త కారును శవం లెక్క లారీ మీద ఎక్కిస్తరంట అక్కా. ఊరంత చూస్తది" అని అమృతమ్మ ఏడుపు.

"లారీని రానియ్యకు. మా యూనుస్‌ను తెస్తున్న" అన్నాను.

యూనుస్ ఒప్పుకోలేదు. "కొత్త కార్లు నాకు తెల్వదక్కా. నేను తాళం గూడ నీకిచ్చిన."

"తెల్వదని ఎవడు చెప్పిండు? ఆ చలికాలం పోరడా? వాని మూతి మీద మీసం గూడ సక్కగ రాలే, వాని మాట పట్టుకొని కూసున్నవా?"

"బాగు కాకపోతే?"

"బాగు కాకపోతే శుక్రారం మాలిక్‌కు తాళం ఇస్త. బాగయితే నువ్వే అడిగి తీసుకో. గంతే."

యూనుస్ నా కొంగుముడి వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి పానాలు, రెండు తీగలు, కరెంటు కొలిచే మీటరు సంచిలో వేసుకున్నాడు. నేను మధ్యాహ్నానికి రొట్టెలు స్టీలు డబ్బాలో సర్దుకుని అతనితో బస్సెక్కాను. ముదస్సిర్ బండి మీద నేరుగా గోపాల్‌పేటకే వచ్చాడు, మామకు కష్టమవుతుందేమోనని.

మేము వెళ్లేసరికి ఆరుగురు మగాళ్లు కారును తోస్తున్నారు. ట్రాక్టరును తోసి స్టార్ట్ చేసినట్టు చేద్దామని వాళ్ల తెలివి. మూఢం మాటే మరిచిపోయారు. అయితే ఆ కారు గేరులో తాళం పడి ఉంది, ఇంచు కూడా జరగలేదు.

"ఆగుర్రి నాయనా. అది ఎద్దు కాదు" అన్నాడు యూనుస్.

తీరా చూస్తే ఈ కారులో రెండు బ్యాటరీలు, పడుకున్న చిన్నది వెనక డిక్కీలో ఉంటుందట. డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి, కరెంటు కావాలంటే డిక్కీ తెరవాలి. మాసయ్య నెత్తి పట్టుకున్నాడు. యూనుస్ మాత్రం ముందు బానెట్ తెరిచి, లోపల ఒక్కొక్క మూతా తడుముతూ పోయాడు. ఒక నల్ల డబ్బాలో ఎర్ర టోపీ పెట్టుకున్న మొన కనిపించగానే నవ్వాడు.

"గిదో, తెలివిగల్లోళ్లే. ఇంట్లకు పోను సందు పెట్టిర్రు."

మాసయ్య ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి ఆ మొనకు తీగలు తగిలించారు. గీత మీట నొక్కింది. లోపల దీపాలన్నీ వెలిగాయి. మా అమృతమ్మ రెండు చేతులూ జోడించింది, కారుకో యూనుస్‌కో తెలియదు.

"పెద్ద బ్యాటరీ ఉన్నది గద అంకుల్, ఈ చిన్నదానితోని పనేంది?" అని గీత అడిగింది.

"పెద్దది దొర బిడ్డా. మస్తు బలం ఉంటది, కని తలుపు తానే తీసుకోడు. తలుపు తీసే మనిషి గీ చిన్నది. ఇది పండుకుంటే దొర లోపల్నే ఉంటడు."

చక్రం కదపకుండా కారును గంటన్నర ఆన్‌లోనే ఉంచారు, పెద్దదాని నుంచి చిన్నది నిండడానికి. మూఢంలో ఇంజను మోగవచ్చా అని మాసయ్య గొణిగాడు. "మోగుతది, కదలది. గంట గొట్టినట్టు అనుకో" అన్నాను.

ఇంతవరకూ కంపెనీ మనిషీ చేశాడు. గీత కారు ఆపి, తాళం వేసి, తాళంచెవిని ఇంట్లో దాని చోట పెట్టి వచ్చింది. యూనుస్ చిన్న బ్యాటరీని కొలిచిన మీటరు డిక్కీలోనే మర్చిపోయానని డిక్కీ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. టక్కున తలుపు తెరుచుకుంది.

యూనుస్ చెయ్యి అలాగే ఉండిపోయింది. "బిడ్డా, తాళంచెవి ఏడున్నది?"

"దేవుని గూట్ల అంకుల్."

"మరి నా చేతికి తలుపెట్ల తెరుచుకున్నది?"

వసారా గోడకు అవతల ఏముందని అడిగాడు. దేవుడి గూడే. కారు ఇంటికి వచ్చిన రోజునే అమృతమ్మ తాళంచెవులు రెండింటికీ పసుపుదారం కట్టి, కుంకుమ పెట్టి, శుక్రవారం దాకా దేవుడి పాదాల దగ్గర ఉంచింది. గోడకు ఇవతల కారు, అవతల తాళంచెవులు. మధ్యలో మూరెడు.

"జేబుల తాళంచెవి ఉంటే సాలు, మీట నొక్కకుండనే తెరుచుకునే కారు మామూ గిది" అన్నాడు ముదస్సిర్. "తాళంచెవి దగ్గరున్నదంటే మనిషి వచ్చిండనుకుంటది."

"రాత్రంత మనిషి వచ్చిండని కూసుంటది పాపం" అన్నాడు యూనుస్. "ఇన్ని దినాల సంది దానికి నిద్ర లేదు. రోగమేం లేదు."

తాళంచెవులు తీసి లోపలి గదిలో పెట్టమన్నాడు. అమృతమ్మ గూటికి అడ్డం నిలబడింది.

"పనికి తీసి మళ్ల పెడుడు వేరు, పూజ కాకముందు దేవుని కాడికెల్లి వేరే తావుకు మారిస్తే ఏమన్న మంచిదా? నేను తియ్య."

"అయితే కారు జరుపుర్రి."

"మూఢంల జరపొద్దు" అన్నాడు మాసయ్య.

తాళంచెవి కదలదు, కారు కదలదు. యూనుస్ మెట్టు మీద కూర్చుని దగ్గాడు. ముదస్సిర్ మామను తీసుకుపోదామని తన బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. అవతల లారీ వాడి ఫోన్ మోగుతోంది. నా కొంగుముడి నాకే బరువనిపించింది.

నేను రొట్టెల డబ్బా విప్పి, రొట్టెలు ముదస్సిర్ చేతిలో పెట్టి, డబ్బా కడిగి తుడిచాను.

"యూనుస్, స్టీలు డబ్బాల పెట్టి మూత పెడితే కారుకు ఇనబడతదా?"

యూనుస్ తలెత్తాడు. ముదస్సిర్ రొట్టె నములుతూ, "ఇనబడది పెద్దమ్మా. సెల్‌ఫోన్ గూడ గంతే, డబ్బాల పెడితే సిగ్నల్ పోతది" అన్నాడు.

"చెల్లె, స్నానం చేసినవ్ గద, నీ చేతులతోనే డబ్బాల పెట్టు. డబ్బాను దేవుని పాదాల కాడనే పెట్టు. దేవునికి మూత అడ్డమా?"

అమృతమ్మ డబ్బాకు కూడా పసుపు రాసి, కుంకుమ పెట్టి, తాళంచెవులు లోపల దింపింది. యూనుస్ డిక్కీలో బ్యాటరీ తీగకు మీటరు తగిలించి, మీటరును బయటికి లాగి పెట్టి, తలుపులన్నీ మూసి మెట్టు మీద కూర్చున్నాడు. అందరం మీటరు చుట్టూ మూగాం. కారు ఎంత కరెంటు తాగుతోందో చెప్పే ఆ మీటరు అంకె ముదస్సిరే చదువుతున్నాడు. అది దిగుతూ దిగుతూ పోయి, ఉన్నదో లేదో అన్నట్టు ఆగింది. "ఒక్కపారి మూత తియ్యి చెల్లె" అని యూనుస్ కేక వేశాడు. తీయగానే అంకె ఎగిరింది. మూయగానే మళ్లీ దిగింది. మూడుసార్లు తీయించాడు. నాకు తెలుసు, రెండోసారికే అతనికి నమ్మకం కుదిరింది. మూడోది అల్లుడి కోసం.

"చూసినవా" అన్నాడు యూనుస్ మెల్లగా. "ఇగ పండుకున్నది. శుక్రారం దానంతల అదే లేస్తది."

మాసయ్య లారీ వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు.

గురువారమంతా యూనుస్ ఫోన్ మీద ఫోన్ చేశాడట, డబ్బా మూత ఎవరైనా తీశారా అని. శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు నేను పొయ్యి దగ్గర ఉండగా గీత ఫోన్ చేసింది. మాట్లాడలేదు, ఫోన్ కారు దగ్గర పెట్టింది. సన్నగా ఒక మోత. గుడికి వెళుతున్నాం పెద్దమ్మా అన్న మాట దాని తర్వాత వినిపించింది.

పదింటికి షాపు మాలిక్ వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. ఉండనన్న యూనుస్ అప్పటికే నా పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు, ముదస్సిర్ కొనిచ్చిన కొత్త మీటరు ఒళ్లో పెట్టుకుని. లేచి చెయ్యి చాపాడు.

"అక్కా, తాళంచెవి ఇయ్యి."

"ఎవరికిచ్చేతందుకు?"

"షట్టర్ తియ్యొద్దా? వీపనగండ్ల నుంచి ట్రాక్టర్ బ్యాటరీ పంపిస్తున్నరు" అన్నాడు. మాలిక్ వైపు తిరిగి, "ఇంకో ఏడాది ఉంట సాబ్" అన్నాడు.

ముడి బిగుసుకుపోయింది, పళ్లతో విప్పాను. ఇంతలో బ్యాటరీ మోసుకుంటూ ఒక రైతు వచ్చి, "భాయ్, గిది చచ్చింది" అన్నాడు.

"చచ్చిందనకు" అని మొదలుపెట్టాడు యూనుస్.

నా రొట్టెల డబ్బా మాత్రం ఇంతవరకూ తిరిగి రాలేదు. పూజ అయినా, మూఢం పోయినా, మా అమృతమ్మ ఆ డబ్బాను దేవుడి గూట్లోనే ఉంచుకుంది. అడిగితే అది ఇప్పుడు దేవుడిదంటుంది. నేను రొట్టెలు గుడ్డలో కట్టుకుపోతున్నాను.