తలుపు వెనుక తుడిచిన గడి

ఈ వారమంతా మా మెట్ల మీద నీలగిరి తైలం వాసన. అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ వెనక సందులో మాదొక హాస్టలు. కోచింగ్ కోసం వచ్చిన కుర్రవాళ్ళు చేతిరుమాళ్ళకు ఆ తైలం రాసుకుని దగ్గుకుంటూ దిగిపోతున్నారు. ఇంటింటికీ వెళ్ళి ఫ్లూ జ్వరాలు నమోదు చేయమని కేంద్ర ప్రభుత్వం చెప్పిందని టీవీలో విన్నప్పటి నుంచి నా చెవులు గేటు దగ్గరే ఉన్నాయి. ఈ వయసులో గేటు చప్పుడుకు గుండె ఎందుకు దడదడలాడుతుందో చెప్పాలంటే, మా ఇంట్లో ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న ఒక మాట అబద్ధమని ముందు ఒప్పుకోవాలి.

నాకప్పుడు పదేళ్ళు. మా బాపు సిరిసిల్లలో మగ్గం వదిలి వచ్చి, ఇదే సందులో పెంకుటింటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. బతుకమ్మ రోజులు వచ్చాయంటే ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. కొత్త గుడ్డల గంజి వాసన, మిషను నూనె వాసన, లోపలి నుంచి అమ్మ వేయించే నువ్వుల వాసన ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. మేము పంజాగుట్ట వైపు రాళ్ళ మధ్య తిరిగి తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి, ఖాళీ దారపు రీళ్ళకు పుల్లలు గుచ్చి బండ్లు చేసి, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు జేబుల్లో కుక్కుకుని చీకటి పడేదాకా ఆడేవాళ్ళం. గడప పక్కన కూర్చుని కాజాలు కుట్టేది మా నాయినమ్మ. ఆమె చూపు ఆనక సూదిలో దారం నేనే ఎక్కించేవాణ్ణి. ఎక్కించినందుకు ప్రతిసారీ చెంగున కట్టుకున్న బెల్లం ముక్క ఒకటి నోట్లో పెట్టేది.

పదిహేను రోజులకొకసారి సైకిలు మీద యాదగిరన్న వచ్చేవాడు. మలేరియా మనిషి అనేవాళ్ళం. ప్రతి ఇంటి తలుపు వెనుక సున్నపు గోడ మీద గళ్ళు గీసి ఉండేవి. జ్వరాలున్నాయేమో అడిగి, పెన్సిలుతో ఒక గడిలో తేదీ వేసి సంతకం పెట్టేవాడు. అతను వచ్చాడనడానికి అదొక్కటే సాక్ష్యం.

ఆ ఏడు ఊరంతా ఫ్లూ. ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చిందని రేడియోలో చెప్పారు. మలేరియా వాళ్ళే ఇక రోజు విడిచి రోజు తిరిగి దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళ పేర్లు రాసుకోవాలి, పేరు రాసిన ఇంటికి మర్నాడే డాక్టరు వ్యానులో మందులతో వస్తాడు. అయితే ఆ ఇంటి తలుపుకు ఎర్ర సున్నా చుట్టేవాళ్ళు. మూలమీది ఇస్త్రీ ఆయన తలుపుకు సున్నా పడిన రోజే జనం బట్టలు వెనక్కి తీసుకుపోయారు. అది చూసి వచ్చి బాపు కత్తెర పక్కన పెట్టి, "దసరా దాక గా సున్న మన తలుపుకు పడకుంటె సాలు" అన్నాడు. అన్నది అమ్మతోనే గాని, విన్నది నేను.

మర్నాటి నుంచే నాయినమ్మ గొంగడి కప్పుకుని లోపలిగదిలో పడుకుంది. బాపు గుండీల కోసం బజారుకు, అమ్మ పూలకు పోయిన పొద్దున యాదగిరన్న వచ్చాడు.

"ఏం రా, ఊరందరికి కుట్టి నీకు చినిగిన అంగీయేనా? ఇంట్ల ఎవరికన్న జరం ఉన్నదా?"

"ఎవ్వరికి లేదన్నా."

లోపల నాయినమ్మ దగ్గింది. యాదగిరన్న తల వంచి విన్నాడు.

"మరి దగ్గుతున్నదెవరు?"

"మిరపకాయలు దంచుతున్నది నాయినమ్మ."

"రోకలి సప్పుడు లేదేంది రా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అతనికి ఇంకా సందంతా తిరగాల్సి ఉంది. తలుపు వెనుక తేదీ వేసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు ఆమెకు ఊపిరి ఆడలేదు. బాపు రిక్షా కోసం పరుగెత్తుతూ, "పేరు రాసుకునేటోడు ఒక్కడన్న రాలేదా మనింటికి?" అని అరిచాడు. తలుపు వెనుక ఉన్న తేదీ బాపు చూస్తే ఏమడుగుతాడో నాకు తెలుసు. లైనింగు గుడ్డ ముక్క తడిపి ఆ గడిని రుద్దేశాను. నాయినమ్మ సద్దుల బతుకమ్మ ముందురోజు ఆసుపత్రిలో పోయింది.

పేరు రాయని ఇంట్లో చావు జరిగిందని తెలిసి, పై అధికారి యాదగిరన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బాపు ఎర్రబడ్డ కళ్ళతో, "ఎవ్వడు రాలే సార్. ఏ హోటల్ల సాయ తాగుకుంట రాసుకున్నడో" అన్నాడు.

"అయ్యో, వచ్చిన సార్! తలుపెనుక రాసిన, సూడుండ్రి" అంటూ యాదగిరన్న తలుపు లాగాడు. పాత తేదీలన్నీ ఉన్నాయి. ఆఖరి గడి ఖాళీ. ఏళ్ళ పొగకు మాసిన గోడ మీద ఆ ఒక్క చోటే తెల్లగా మెరుస్తోంది. అధికారి ఖాళీనే చూశాడు. యాదగిరన్న ఆ తెలుపును చూసి, తర్వాత నన్ను చూశాడు. నోరు తెరవబోయి, నాయినమ్మ కర్మకు తీయించుకున్న బాపు గుండు వైపు చూసి, మూసుకున్నాడు. "యాది లేదు సార్," అన్నాడు మెల్లగా, "ఈ ఇల్లు తప్పిందేమో."

అతని కొలువు పోయింది. కొన్నాళ్ళకు పంజాగుట్ట చౌరస్తాలో బండి మీద జామకాయలు అమ్ముతూ కనబడ్డాడు. పిలిచి, "మంచిగ సదువుకో బిడ్డా" అని ఒక కాయ చేతిలో పెట్టాడు. ఇంటిదాకా తెచ్చాను గాని కొరకలేకపోయాను. ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు. డాక్టరు వచ్చినా నాయినమ్మ బతికేదో లేదో నాకు తెలియదు. డాక్టరు రాకుండా చేసింది మాత్రం నేను. బాపు చివరిదాకా యాదగిరన్నను తిట్టుకుంటూనే పోయాడు, మా చెల్లెలి పిల్లలకు సైతం ఆ కథ అలాగే తెలుసు. అతను వచ్చాడు. అడిగాడు. రాశాడు.

ఇవాళ పొద్దున గేటు చప్పుడైంది. ఆశా కార్యకర్త, ఇరవై ఐదేళ్ళ అమ్మాయి, ఫోను పట్టుకుని నిలబడింది. "ఎవరికన్నా జ్వరం, దగ్గు ఉన్నయా ఆంటీ?"

"అందరు మంచిగనే ఉన్నరమ్మా," అంది మా ఆవిడ. ఫ్లూ అని తెలిస్తే పిల్లలు గదులు ఖాళీ చేస్తారని ఆమె భయం.

నేను లేచి వెళ్ళాను. "నాకున్నది, రెండు రోజులసంది. రెండో అంతస్తుల ఇద్దరు పిల్లలకు సుత ఉన్నది, రాసుకో బిడ్డా." మా ఆవిడ నా వైపు చూసిన చూపుకు మరో రోజు జవాబు చెప్పుకోవాలి.

అమ్మాయి ఫోనులో పేర్లు ఎక్కించుకుని, మాత్రలిచ్చి, కదలబోయింది.

"గోడ మీద రాయవా?"

"గోడ మీదనా అంకుల్?" నవ్వింది. "గవన్ని ఇప్పుడెక్కడియి!"

ఆ పెంకుటిల్లు లేదు, మిషను లేదు, రీళ్ళ బండ్లు లేవు, పంజాగుట్ట రాళ్ళ మీద తంగేడు లేదు. అమ్మాయి వెళ్ళిపోయాక తలుపు వెనక్కి తిప్పి చూశాను. తెల్ల రంగు వేసిన గోడ, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క మరక లేకుండా ఉంది.